ఎస్టోనియాకి ట్యాంకులు బేరమాడిన శనివారం

ఫ్రిస్కోలో మా తెలుగువాళ్ళు ఏదీ సొంత బుర్రతో కొనరు. మేము వ్యాన్ కొన్నప్పుడు మా ఆయన తెలిసినవాళ్ళందరినీ అడిగి, చివరికి వాళ్ళందరి దగ్గరా ఉన్నదే కొన్నారు. రంగూ అదే. విందులు ముగిశాక ఒకరి వ్యాన్ తలుపు ఇంకొకరు లాగడం మాకు మామూలే.

అలాంటి ఇంట్లో మా అమ్మాయి ఎస్టోనియా రక్షణ మంత్రి అయింది. హైస్కూల్లో పిల్లలు తలా ఒక దేశం తరఫున మాట్లాడే పోటీ అది. ఆ చిన్న దేశం ట్యాంకులు కొనాలా, ఆకాశంలోంచి వచ్చిపడేవాటిని కూల్చే రాకెట్లు కొనాలా? రెండూ కొనే స్తోమత లేదు. కిందటి పోటీలో ఎవరో అడ్డుప్రశ్న వేస్తే మా పిల్ల మాట పెగలక సగంలోనే కూర్చుండిపోయింది. సోమవారం కూడా అలాగే కూర్చుంటే జట్టులో చోటుండదు. ఆ బెంగతో అన్నం కెలికి వదిలేస్తోంది.

శనివారం భోజనానికి వచ్చిన స్నేహితుల ముందు మా ఆయన ఈ సంగతి పెట్టారు. ఇక చూడాలి. గోంగూర పచ్చడి వడ్డిస్తుండగానే ఎస్టోనియా బేరం మొదలైంది.

"ట్యాంకే తీస్కో బిడ్డా. సాలిడ్‌గా ఉంటది. రీసేల్ కూడా మంచిగొస్తది," అన్నారు వరంగల్ అన్నయ్యగారు.

"ఎవరికి అమ్ముతారు, పక్కింటి రష్యాకా?" అన్నారు మా ఆయన.

"కొత్తదెందుకే తల్లీ, యూజ్డ్ చూడు. షోరూం దాటగానే సగం రేటు పడిపోద్ది," అన్నారు భీమవరం అన్నయ్యగారు.

"ముందు చుట్టుపక్కల దేశాలు ఏం కొన్నాయో కనుక్కో. స్పేర్ పార్ట్స్ ఈజీగా దొరుకుతాయి," అని మా ఆయన వ్యాన్ సూత్రాన్ని ఐరోపాకి కూడా ఎగుమతి చేశారు.

నాకు నవ్వాగలేదు. తీరా మా పిల్ల మొహం చూశాక నవ్వు ఎటు పోయిందో. కుర్చీ వెనక్కి జరిపి లేచింది. గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటుందనుకున్నాను. వెళ్ళలేదు.

"వెయిట్ అంకుల్. ఏం కొనాలో అందరూ చెప్తున్నారు. మా భయం ఏంటో ఎవరూ అడగట్లేదు."

"భయమైతే ఏముంది బిడ్డా? ఫౌజుని జర వెనక్కి జరిపి, అంతా రెడీ చేసుకొని మళ్ళ రావాలె," అని అడ్డుకున్నారు వరంగల్ అన్నయ్యగారు.

సరిగ్గా ఇలాంటి చోటే కదా అది కూర్చుండిపోయేది.

"పెద్ద కంట్రీ అయితే వెనక్కి వెళ్ళొచ్చు అంకుల్. మాకు వెనక ప్లేస్ లేదు. సముద్రమే ఉంది. ఫస్ట్ డేనే మా సిటీస్ మీద బాంబులు పడితే, తర్వాత ట్యాంక్ వచ్చి ఏం చేస్తుంది? ఫస్ట్ పైనుంచి పడేవి ఆపాలి."

ఈసారి సగంలో ఆగలేదు. మా ఊరిని ఎప్పుడూ "మీ గుంటూరు" అనే పిల్ల, ఎన్నడూ చూడని ఎస్టోనియాని "మాకు", "మా" అంటోంది. ఒళ్ళు మండాల్సింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"సరే మంత్రిగారూ, రాకెట్లే కొందాం. కూర్చో, అన్నం తిను," అన్నారు మా ఆయన.

అది కూర్చోలేదు.

"ఇంకో క్వశ్చన్ అడుగు నాన్నా," అంది.