మొసలికి భయం నేర్పిన ఎర్లీన్

పానాసీ సరస్సులో కలువాకుల మధ్యకు ఎరగా రబ్బరు వానపామును విసరడంలో ఎర్లీన్ ట్యూటెన్‌కు సాటి వచ్చేవాళ్లు లేరు. ఈ మాట ఆమే చెప్పుకునేది, కాదనే ధైర్యం ఎవరికీ లేదు. గాలం మొనను ఆ మెత్తటి పురుగు ఒంట్లోనే దాచి, ఆకుల సందున తుపుక్కుమని పడేలా విసిరి, గాలపు కర్ర కొస కాస్త కదిపి ఊరుకునేది. అడుగున పొంచి ఉన్న బాస్ చేపకు ఆ మాత్రం చాలు. మొగుడు పోయినా ఆమె ఇంట్లో శుక్రవారం చేపల వేపుడు ఆగలేదు.

ఆ కలువల్లోనే ఒక పెద్ద మొసలి ఉండేది. దాని దారి దానిది, ఈమె దారి ఈమెది. పడవ చప్పుడు వింటే అదే మర్యాదగా మునిగిపోయేది.

ఒడ్డున కొత్త ఇల్లు కట్టుకుని హేగ్లర్ అనే పెద్దమనిషి దిగాక ఆ మర్యాద చెడింది. చుట్టాలొస్తే చాలు, తన ఇంటి చెక్కరేవు మీద నిలబడి తెల్లటి మార్ష్‌మాలో మిఠాయిలు నీళ్లలోకి విసిరేవాడు. తుపుక్కుమనగానే మొసలి వచ్చేది, చుట్టాలు చప్పట్లు కొట్టేవాళ్లు. ఇక ఎర్లీన్ పురుగు తుపుక్కుమన్నా అదే రావడం మొదలుపెట్టింది. గాలానికి పడిన చేపను పడవ పక్కనుంచే లాక్కుపోయేది.

హేగ్లర్ అక్కడితో ఆగాడా? మొసలి మనుషుల మీదికి వస్తోందని, ఎర్లీన్ చేపల పేగులు నీళ్లలో పారేసి దానికి ఆ తిండి అలవాటు చేసిందని ప్రభుత్వానికి ఫోన్ చేశాడు. ఆమె బుద్ధెరిగాక ఒక్క పేగు నీళ్లలో వేసి ఎరగదు. అన్నీ ఆకుకూర మడిలో పాతేది. తినిపించిన చెయ్యి వాడిది, నింద ఈమెకు, చావు మొసలికి.

ప్రభుత్వం తరఫున మొసళ్లు పట్టే డెల్మస్ ఆమె మొగుడికి మేనల్లుడు. కబురు వాడే తెచ్చాడు.

"అత్తా, ఆర్డరొచ్చింది. మూడు వారాలు పోయాక శనివారం దాన్ని పట్టాలి."

"పట్టి?"

"పట్టి పెంచుకుంటామా? తోలు తీస్తాం."

"తినిపించినోడి తోలెవడు తీస్తాడ్రా?"

"ఆర్డరులో ఆయన పేరు లేదు మరి. మనుషులంటే భయం లేని మొసలిని పట్టమన్నారు. భయపడి మునిగిపోయేదైతే నాకు దాంతో పన్లేదు."

ఆ మాట ఎర్లీన్ గట్టిగా పట్టుకుంది. మర్నాటి నుంచి గాలం లేని పురుగును విసిరేది. మొసలి దగ్గరికొచ్చేదాకా ఊరుకుని, పురుగును చటుక్కున లాగేసి, తెడ్డుతో అల్యూమినియం పడవ పక్కలను చెవులు చిల్లులు పడేలా బాదేది. రోజూ ఇదే పని.

"వదినా, మొసలికి బడి పెట్టావంట. ఫీజెంత?" అంది ఎరల కొట్టు ఓపల్.

"నీకైతే ఊరికే చెప్తా. రా, తెడ్డు ఇక్కడే ఉంది."

ఆ శనివారం డెల్మస్ తాడు, కొక్కెం పట్టుకుని హేగ్లర్ చెక్కరేవు మీద కూర్చున్నాడు. ఎంతసేపటికీ మొసలి కలువల్లోంచి కదల్లేదు. ఎర్లీన్ కాస్త దూరంలో పడవలోంచి చూస్తోంది. హేగ్లర్‌కు ఓపిక చచ్చింది. లోపల్నుంచి సంచీ తెచ్చి, గుప్పెడు మిఠాయిలు నీళ్లలోకి విసిరాడు.

"ఇలా వేస్తే వస్తుందండీ," అన్నాడు.

డెల్మస్ తలెత్తి చూశాడు. "వస్తుందని మీకెలా తెలుసు సార్?"

హేగ్లర్ సంచీని వెనక్కి దాచాడు. ఈలోగా మొసలి రానే వచ్చింది. ముక్కు నీటిమీద పెట్టి తిన్నగా మిఠాయిల వైపు ఈదుకొస్తోంది. ఎర్లీన్ పడవను దగ్గరికి తోసింది. తన పురుగును దాని ముట్టెముందు తుపుక్కుమనిపించి, తెడ్డెత్తి పడవను బాదింది. మొసలి ఆగింది. ఒక్క క్షణం అటా ఇటా అన్నట్టు ఉండి, బుడుంగున మునిగింది.

మధ్యాహ్నం దాకా చూసి డెల్మస్ తాడు చుట్టేశాడు.

"ఇది భయపడే మొసలే. నాకు పన్లేదు."

"రేపు మళ్లీ వస్తే?" అన్నాడు హేగ్లర్.

"ఫోన్ చెయ్యండి. దానికి తిండి ఎవరు అలవాటు చేశారో కూడా ఆఫీసులో రాయిస్తాను."

ఎర్లీన్ పడవను చెక్కరేవుకు ఆనించి మిఠాయిల సంచీకోసం చెయ్యి చాపింది. హేగ్లర్ మారుమాట లేకుండా ఇచ్చేశాడు.

"ఇన్నాళ్ల బాదుడికి ఈ పక్క చేపలన్నీ ఎటో పారిపోయాయి. నువ్వు నేర్పిన పాఠం చెరపడానికి నా శుక్రవారాలు పోయాయి. నామీద చెప్పిన అబద్ధం కూడా నువ్వే పోయి చెరుపుకో అబ్బాయ్, ఈ మొసలితో నాకింకా చాలా పనుంది," అని తెడ్డు నీళ్లలో వేసింది.