మూడో వరుసలో రాసిన చదువు

నా మనవరాలు స్నిగ్ధ ఢిల్లీ కంటోన్మెంటు క్వార్టర్లలో పెరిగింది. మేం తణుకు వాళ్ళం. పిల్లకి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో ఇస్తుంది. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. అయినా ఇంట్లో నా మాటకి ఎదురు లేదు. అది నా గొప్పే అనుకునేదాన్ని.

స్నిగ్ధ అన్న పృథ్వీరాజ్ కలెక్టరు పరీక్షల కోసం, కోచింగ్ సెంటర్లుండే ముఖర్జీ నగర్‌లో గది తీసుకుని నాలుగేళ్ళు చదివాడు. నాలుగోసారీ పరీక్ష పోయాక ఇంటికొచ్చి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. పెడితే తినేవాడు, పిలిస్తే పలికేవాడు కాదు. బద్ధకం అన్నాను నేను. ఆస్పత్రికి తీసుకెళ్ళింది స్నిగ్ధే. అక్కడి కౌన్సెలర్ మేడమ్ నాలుగు వారాలు వాడి ఎదురుగా ఊరికే కూర్చుందట. ఐదో వారం వాడు నోరు విప్పాడు. గదిలో ఫ్యాను వైపు చూడాలంటే భయమేస్తోంది అన్నాడట. ఆ మాట అప్పటిదాకా మాలో ఒక్కరికీ చెప్పలేదు.

అప్పుడే స్నిగ్ధ సైకాలజీ చదువుతానంది. మాటలు వినడానికి కాలేజీ ఎందుకు, నేను డెబ్బై ఏళ్ళుగా వింటున్నాను కదా అని వెక్కిరించాను.

"నువ్వు వినవు నానమ్మా, చెప్తావు." ఈ ఒక్కటీ తెలుగులోనే అంది.

ప్రవేశ పరీక్ష బాగా రాసింది. ఏ కాలేజీలో ఏ చదువు కావాలో వరుసగా కంప్యూటర్‌లో నింపాలట. పిల్ల ఎండలో ఐదు కాలేజీలు తిరిగింది. ప్రాక్టికల్స్ ఎక్కడ బాగా చేయిస్తారో సీనియర్లను అడిగి, పై వరుసలన్నీ సైకాలజీతోనే నింపింది.

పిల్ల తండ్రి, నా కొడుకు సాయిప్రకాష్ సైన్యంలో సుబేదారు. వాడు ఆ జాబితా చూసి నవ్వాడు. బదిలీ అప్పుడు మూడు ఊళ్ళు రాసిమ్మంటారట. మొదటిది వాడి సర్వీసులో ఎన్నడూ ఇవ్వలేదు, అందుకని నిజంగా కావలసిన ఊరు మూడోదిగా రాయడం వాడికి అలవాటు. అలాగే ఇక్కడా పేరు మోసిన కాలేజీలో కామర్స్ మొదట, దాని కింద ఇంకో కాలేజీలో కామర్స్, మూడోదిగా సైకాలజీ పెట్టమన్నాడు.

"పాపా, యే పోస్టింగ్ నహీ హై" అంది స్నిగ్ధ. ఇది బదిలీ కాదు, మార్కులుంటే పైదే ఇచ్చేస్తారట.

వాడు నావైపు చూశాడు. కోడలు కూడా చూసింది. నేను మాట తూలాను.

"ఇరవై ఆరేళ్ళు సర్కారు కొలువు చేసినోడికి తెలీదంటావా? నాన్న చెప్పినట్టు నొక్కు."

నొక్కింది. నొక్కాక ఇక మార్చడానికి లేదట.

గురువారం సీటు వచ్చింది. కామర్స్. మొదటిది దొరికింది కాబట్టి కిందివన్నీ చెరిగిపోయాయి. వద్దంటే ఈ ఏడు ఆ యూనివర్సిటీలో అసలు సీటే ఉండదు. స్నిగ్ధ కన్నా తక్కువ మార్కులొచ్చిన స్నేహితురాలు ఇషితకి, మావాళ్ళు మూడోదిగా రాసిన ఆ సైకాలజీ సీటే దక్కింది. సాయి ఫోను చాలాసేపు చూసి, "మొదటిదే ఇచ్చేశారు" అన్నాడు. పై అంతస్తు ఆవిడ మంచి కాలేజీ వచ్చిందటగా అని పలకరిస్తే, అవునని తల ఎగరేసింది నేనే.

ఆ సాయంత్రం పృథ్వీ ఎన్నాళ్ళకో హాల్లోకి వచ్చాడు. గడ్డం మాసి ఉంది.

"సైకాలజీ రాలేదా?"

"అచ్ఛా కాలేజ్ హై, భయ్యా" అంది చెల్లెలు, వాడి మొహం చూడకుండా. వాడు మళ్ళీ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

కాలేజీ మొదటిరోజు పొద్దున స్నిగ్ధ గుమ్మం దగ్గర బూట్లు కట్టుకుంటోంది. పెళ్ళయ్యాక ఎవరి ముందూ తప్పు ఒప్పుకున్న మనిషిని కాను. పక్కన కూర్చుని, తప్పు నాదే తల్లీ అన్నాను. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడితే బాగుండేది.

"ఇట్స్ ఓకే" అంది, మెట్రోలో ఎవరైనా కాలు తొక్కితే అన్నట్టు. సంచీ భుజాన వేసుకుని, కామర్స్ చదువుకోవడానికి మెట్లు దిగి వెళ్ళిపోయింది.