గిద్దలూరు అడవిలో ముఖం తిప్పుకున్న కెమెరాలు

ఉద్యోగ విరమణకు ముందు ఏడాది వేసవిలో నన్ను మార్కాపురం అటవీ డివిజన్ నుంచి గిద్దలూరు వైపు పంపారు. నా హోదా వన్యప్రాణి జీవశాస్త్రవేత్త. పని ఒక్కటే: నల్లమల పులి గిద్దలూరు రోడ్డు దాటి దక్షిణపు అడవులకు వెళ్తోందని రుజువు చేయడం. ఆ రోడ్డును వెడల్పు చేయబోతున్నారు. రుజువు దొరికితే రోడ్డు కింద జంతువులకు దారి వదులుతారు, లేకపోతే పులికి ఆ దారి మూసుకుపోయినట్టే. అంత హుషారిచ్చే పని అంతకుముందు ఎవరూ నాకు అప్పగించలేదు.

పులి చారలు మన వేలిముద్రల్లాంటివి, ఏ రెండు పులులకూ కలవవు. అందుకే బాటకు అటూ ఇటూ చెట్లకు మోకాలెత్తున కెమెరాలు కడతాం. ఎదుట ఏది కదిలినా అవే ఫొటో తీస్తాయి. కెమెరాల్లోంచి మొదటి మెమరీ కార్డులు రాగానే ఆత్రంగా కంప్యూటర్ ముందు కూర్చున్నాను. కెమెరా మీదికి వచ్చిన గాజుల చెయ్యి ఒకటి, ఆ తర్వాతి ఫొటోలో పొద. ఆపైన ఏమీ లేదు. అన్ని కెమెరాలదీ ఇదే కథ!

తిప్పినవాళ్ళ మీద కేసు పెడదామన్నాడు మా అటవీ వాచరు. ఒళ్ళు మండినా, నాకు కేసు కాదు, పులి కావాలి. ఆదివారం అడవి అంచు పల్లెకు వెళ్ళి, చర్చి పాస్టరుగారిని అడిగి, ప్రార్థన అయ్యాక సంగతి చెప్పాను. కట్టెలకు వెళ్ళే ఆడవాళ్ళకు పెద్ద దిక్కయిన మరియమ్మ లేచింది.

"మేమే తిప్పినాం సార్. కట్టెలకు పోయేది అటే, చాటుకు పోయేదీ అటే. మా ఫొటోలు మీ ఆఫీసులో అందరూ చూస్తారా ఏంది?"

మనుషుల ఫొటోలు తీసేస్తామన్నాను. తీసేసేవాడైనా ముందు చూడాల్సిందే గదా అంది. చర్చి అంతా నవ్వింది. రిపోర్టు గడువు దగ్గరపడిందనీ, పులి దారి పోతుందనీ ఉన్నదున్నట్టు చెప్పాను.

"పోయేటప్పుడు తిప్పుతాం, వచ్చేటప్పుడు మళ్ళా అట్లనే పెడతాం. మేము తిరిగే పొద్దులో అది వస్తుందా ఏంది!" అని మరియమ్మే దారి చూపింది.

కెమెరాను మళ్ళీ ఎటు తిప్పాలో తెలిసేలా వాచరు ప్రతి చెట్టు మీదా రంగుతో గుర్తు పెట్టాడు. ఆడవాళ్ళు మాట తప్పలేదు. రిపోర్టు పంపే వారంలో వచ్చిన కార్డులో, రోడ్డుకు దక్షిణాన, రెండు కెమెరాల నడుమ నింపాదిగా నడిచిపోతున్న ఆడపులి! రోడ్డుకు ఉత్తరాన పాత సర్వేలో తీసిన ఫొటోను పక్కన పెట్టి చారకు చార పోల్చాను. అదే పులి. నేను పెట్టిన కేకకు పక్కగదిలోని గుమస్తా పరుగెత్తుకొచ్చాడు. అంత సంతోషం నా మొదటి ప్రమోషన్‌కు కూడా కలగలేదు. రోడ్డు ప్లానులో పులి దారి చేరింది.

ఫొటో తీసుకెళ్ళి పల్లెలో చూపించాను. మరియమ్మ చాలాసేపు చూసి, "దీన్ని అడిగే తీసినారా సార్?" అంది.

ఆ తర్వాత మా సర్వే నియమాల్లో ఒక వాక్యం చేర్పించాను: కెమెరా కట్టే ముందు ఆ బాటన నడిచే ఆడవాళ్ళ అనుమతి తీసుకోవాలి.