కేక విని వచ్చినవి

పరిశోధనశాలలో ఆమెను అందరూ సీసాలక్క అనేవారు. సీసాలు, గొట్టాలు, పలుచని గాజు పళ్ళేలు కడగడం ఆమె పని. ఆవిరి యంత్రంలోంచి పొగలు కక్కుతూ వచ్చినవాటిని తోమి, శుద్ధమైన నీళ్ళలో జాడించి, బోర్లించి ఆరబెట్టేది. సబ్బు చుక్క మిగిలినా కణాలు చచ్చిపోతాయని చేరిన కొత్తలో ఎవరో భయపెట్టారు. ఆ భయం చేతుల్లో ఉండిపోయింది. ఇంట్లో అన్నం కంచాన్ని కూడా అలాగే జాడిస్తుంటే మంచం మీంచి తమ్ముడు వెక్కిరించేవాడు.

"అక్కా, ఆ కంచం అద్దమైపోయింది. ఇక అన్నం పెట్టకు, దువ్వెన ఇవ్వు. తల దువ్వుకుంటాను."

"నీ తల మీద దువ్వడానికి ఏం మిగిలిందిరా?"

ఇద్దరూ నవ్వేవారు. నవ్వు కాస్తా అతనికి దగ్గయ్యేది. ఆమె పరిగెత్తుకొచ్చి వీపు పట్టుకునేది. చేతికి ఎముకలే తగిలేవి.

అతను గోడలకు రంగులు వేసేవాడు. నిచ్చెన పై మెట్టు మీద నిలబడి, కిందివాళ్ళ మీద జోకులు విసురుతూ, పైకప్పు అంచున గీత చెదరకుండా కుంచె లాగేవాడు. హెచ్‌ఐవి అని తెలిశాక ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, అక్కకు కూడా. సిగ్గు మింగుకుని తిరిగాడు. ఊపిరి అందక నిచ్చెన దిగలేకపోయిన రోజున గానీ ఆస్పత్రి గడప తొక్కలేదు. అప్పటినుంచి మాత్రలు తప్పకుండా వేసుకుంటున్నాడు. అక్క కళ్ళెదురుగానే మింగుతున్నాడు.

"రక్తంలో వైరస్ కనబడటం లేదు. మందులు పనిచేస్తున్నాయి. కానీ రక్షణ కణాలే పెరగడం లేదు," అంది డాక్టరమ్మ.

"వైరస్ కనబడకపోతే మరి కణాల్ని ఎవరు చంపుతున్నట్టమ్మా?"

"ఆలస్యంగా వచ్చాడు కదా. ఒంట్లో రగిలిన మంట ఇంకా చల్లారలేదు. కొందరికి ఇలా అవుతుంది. ఓపిక పట్టాలి."

తను ఎంత ఓపికైనా పట్టగలదు. పట్టడానికి తమ్ముడిలో ఏం మిగిలిందని? డాక్టరమ్మను ఆ మాట అడగలేక బయటికొచ్చింది.

పరిశోధనశాలలో ఒక అమ్మాయి సరిగ్గా ఈ విషయం మీదే పనిచేస్తోంది. తిండి ధ్యాస లేని పిల్ల. తెచ్చుకున్న డబ్బా సాయంత్రం దాకా మూతైనా తీయదు. సీసాలక్క ఆ డబ్బా మూత తీసి ఆమె ముందు పెట్టి, డాక్టరమ్మను అడిగిన ప్రశ్నే అడిగింది.

"మంచి ప్రశ్నక్కా. మేమందరం తల బద్దలుకొట్టుకుంటున్నది దాని మీదే," అని అమ్మాయి కుర్చీ దగ్గరికి లాక్కుంది. "వైరస్ పూర్తిగా పట్టిన కణాలు కొన్నే. చచ్చేవాటిలో ఎక్కువ భాగం పక్కనున్న మంచివే. వాటిలోకి వైరస్ చొరబడబోయి మధ్యలోనే ఆగిపోతుంది. ఎవరో లోపలికి వచ్చారని కణం పసిగట్టి, తనను తానే చంపేసుకుంటుంది."

"చంపుకుంటే పీడ పోయింది కదా?"

"ఊరికే పోతే బాగుండు. పొట్ట పగిలి లోపలిదంతా బయటికి ఒలుకుతుంది. అందులో కొన్ని రసాయనాలు ఉంటాయి. అవి కేక పెట్టినట్టే. సాయం చేద్దామని మరికొన్ని మంచి కణాలు అక్కడికి పరిగెత్తుకొస్తాయి. వచ్చినవాటికీ అదే గతి."

సీసాలక్క చేతిలోని డబ్బా మూతను బల్ల మీద పెట్టింది.

"సాయానికి వచ్చి చస్తాయా? రాకపోతే బతుకుతాయి కదే, పిచ్చి మొహాలు!" అంది.

లోపలి గదిలోకి ఆమెకు ప్రవేశం లేదు. బతికున్న వైరస్‌తో చేసే పనంతా అక్కడే. అక్కడ తీసిన బొమ్మలను అమ్మాయి కంప్యూటర్ తెర మీద చూపించింది. మొదటి బొమ్మలో కణాలు చితికి, చెదిరి, అక్కడొకటీ ఇక్కడొకటీ ఉన్నాయి. రెండో బొమ్మలో పళ్ళెం నిండా గుండ్రంగా, నిగనిగలాడుతూ ఉన్నాయి.

"దీనికేం చేశావు?"

"కణం చావడానికి లోపల కత్తిలా పనిచేసే ఎంజైము ఒకటుంది. దాన్ని కదలకుండా పట్టే మందు వేశాను. ఇదిగో, ఈ ఆకుపచ్చగా మెరిసేవి వైరస్ పట్టినవి. చూశావా, మందు వేశాక ఇవీ ఎక్కువే మిగిలాయి. మా చిక్కంతా..."

ఆ మాటలు సీసాలక్క చెవిన పడ్డాయి గానీ లోపలికి దిగలేదు. ఆమె చూపు నిండు పళ్ళెం మీదే అతుక్కుపోయింది.

"ఇది మనుషులకు వేస్తారా?"

"అమ్మో, లేదక్కా! పళ్ళేనికే. ఒంట్లో చావాల్సిన కణాలు చావకపోతే ఇంకో ప్రమాదం. మనిషి దాకా రావాలంటే చాలా దూరం ఉంది."

దూరం. తమ్ముడికి మంచం దిగి తలుపు దాకా నడవడమే దూరమైపోయింది.

మర్నాడు జ్వరం మళ్ళీ తిరగబెట్టింది. నోరంతా పూసి, గుటక కూడా వేయలేకపోయాడు. పనికి వచ్చినా ఆమె చేతులు ఆడలేదు. సాయంత్రం అందరూ టీకి వెళ్ళారు. బయటి గదిలోని ఫ్రీజర్ తెరిచి, ఆ మందు పేరు రాసున్న బుల్లి సీసాను తీసి, ఒక సిరంజితో పాటు అన్నం డబ్బాలో మంచుగడ్డల మధ్య పెట్టుకుంది. ఇన్నేళ్ళలో అక్కడినుంచి దూది ముక్కైనా ఇంటికి తెచ్చి ఎరగదు. బస్సులో డబ్బాను చంటిబిడ్డలా పొట్టకు హత్తుకుని కూర్చుంది.

తమ్ముడు మెలకువగానే ఉన్నాడు. డబ్బాలోంచి సీసా, సిరంజి బయటికి రావడం చూశాడు.

"ఏంటక్కా, కూర ఇంత తక్కువ తెచ్చావు?"

ఆమె నవ్వలేదు. గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పింది, పగిలే కణాల గురించి, కేక గురించి, నిండు పళ్ళెం గురించి. అతను కళ్ళార్పకుండా విన్నాడు. ఈమధ్య దేన్నీ అంత ఆశగా విని ఉండడు.

"అయితే వేసెయ్. ఇంకా చూస్తావేం?"

సిరంజిలో మందు ఎక్కించింది. సూది ఎలా పొడవాలో ఆస్పత్రిలో నర్సు ఎప్పుడో నేర్పింది. అతని చెయ్యి ఒళ్ళో పెట్టుకుని నరం కోసం వెతుకుతుంటే అతను ఊరకుండలేక అడిగాడు.

"పళ్ళెంలో అన్నీ బతికాయా?"

"అన్నీ బతికాయి."

"వైరస్ పట్టినవి కూడానా?"

ఆమె వేళ్ళు ఆగిపోయాయి. నిండు పళ్ళెం ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చింది. ఇప్పుడు అందులో ఆకుపచ్చవి తప్ప ఇంకేమీ కనబడలేదు.

"చెప్పక్కా."

"అవి కూడా. అవీ ఎక్కువే మిగిలాయట. మనుషులకు వేసేది కాదంది. నేనే... నేనే వినిపించుకోలేదురా."

"పోనీలే. అవీ బతకనీ, నేనూ బతుకుతా. వేసెయ్."

"వద్దురా."

"నా ఒళ్ళు, నా ఇష్టం. చచ్చేవాడికి ఇంకేం అవుతుంది? వెయ్యి!"

ఉన్న బలమంతా కూడదీసుకుని సిరంజి కోసం చెయ్యి చాచాడు. ఆమె దాన్ని వెనక్కి లాక్కుని, వంటగదిలోకి పోయి, తొట్టిలో మందంతా వదిలేసి కుళాయి తిప్పింది. నీళ్ళ చప్పుడులోంచి తమ్ముడి గొంతు వినిపించింది. తిట్టాడు. చిన్నప్పుడు కూడా ఎన్నడూ అనని మాటలన్నాడు. "నువ్వే చంపుతున్నావు నన్ను," అన్నాడు. తర్వాత ఏడ్చాడు.

ఆమె తిరిగొచ్చేసరికి గోడవైపు తిరిగి పడుకున్నాడు. మాత్ర వేసే వేళయింది. మాత్ర అరచేతిలో పెట్టుకుని మంచం పక్కన కూర్చుంది. భుజం మీద చెయ్యి వేస్తే విదిలించాడు. ఆ విదిలింపులో కూడా బలం లేదు. రేపు ఆ పిల్లకు ఏం చెప్పాలో ఆమెకు తెలియదు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో కూడా తెలియదు. మాత్ర చెమటకు తడిసి వేళ్ళకు అంటుకుంది.

వీధిలో దీపాలు వెలిగాక అతను కదిలాడు.

"నీళ్ళు," అన్నాడు, గోడతో చెప్పినట్టు.

ఆమె లేచి గ్లాసు తెచ్చింది. తల కింద చెయ్యి పెట్టి లేపి, మాత్రను నాలుక మీద పెట్టింది. ఆమె ముఖం చూడకుండానే, నొప్పికి కళ్ళు గట్టిగా మూసుకుని, మింగాడు.