మా అత్తమ్మ ముఖంలో మహిమ

మా సంఘంలో దేవుని మహిమ దిగడానికి ఒక పద్ధతి ఉంది. ముందు షామియానా దిగాలి, తర్వాత స్పీకర్లు దిగాలి, ఆ తర్వాత హైదరాబాదు నుంచి ప్రసంగీకుడు దిగాలి. వీటిలో ఏది ఆలస్యమైనా మహిమ కూడా పాపం ఆగుతుంది. ఆ ఏడు ఈస్టర్‌కు ముందు వచ్చే లెంటు దినాలు మొదలవగానే బోధన్‌లో మా చర్చి వెనక ఖాళీ జాగాలో మహిమ కూడికలని సభలు పెట్టారు. మాక్లూర్ నుంచి, ముప్కాల్ నుంచి కూడా జనం ఆటోలు కట్టించుకొని వచ్చారు. చెరకు ట్రాక్టర్ హారన్ కొట్టుకుంటూ పోయినప్పుడల్లా ప్రసంగీకుడు "హల్లెలూయా" అనేవాడు, మేమూ అనేవాళ్లం.

ఆయన చెప్పిందంతా ఒకే విషయం. దేవుని మహిమను అనుభవించినవాడి ముఖం మారిపోతుంది. పూర్వం ఒక ప్రవక్త కొండెక్కి దేవునితో మాట్లాడి దిగివస్తే ఆయన ముఖం ప్రకాశించిందట. "మీలో ఎవరి ముఖం మారుతుందో ఈ దినాల్లోనే చూస్తారు" అని గట్టిగా చెప్పి, ఆయన కారెక్కి వెళ్లిపోయాడు. ఆ మరుసటి ఆదివారం నుంచి మా వాళ్లు వాక్యం వినడం మానేసి ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు. ఊళ్లో పౌడర్ డబ్బాలు బాగా అమ్ముడుపోయి ఉంటాయని నా అనుమానం.

ఇక్కడ మా అత్తమ్మ గురించి చెప్పాలి. మా మామ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అది మూతబడ్డాక ఆ దిగులుతోనే పోయాడు. ఆమె మొదటి నుంచీ చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టి, ఉన్న ఒక్క కొడుకును పెంచింది. ఆ కొడుకే నాకు మొగుడు. ఆమె చేతులు పొగాకు మీద ఉన్నా నోరు మాత్రం నా మీదే ఉండేది. కూరలో ఉప్పు ఎక్కువైతే ఒక తిట్టు, తక్కువైతే ఒక తిట్టు. సరిగ్గా కుదిరిందనుకోండి, "ఇయ్యాల ఎట్ల కుదిరిందే? దేవుడు నీ చెయ్యి వట్టుకొని ఏపిచ్చిండా?" అనేది. నేనూ నోట్లో నాలుక లేనిదాన్నేం కాదు. నిజామాబాద్ బజార్లో పుట్టి పెరిగినదాన్ని, మాటకు మాట ఇచ్చేదాన్ని. మా ఇద్దరి గొడవ మొదలైతే, మేం ఖాలా అని పిలిచే పక్కింటి ముస్లిం పెద్దామె టీవీ సౌండు తగ్గించి వినేదని వాళ్ల కోడలే నాతో చెప్పింది.

అలాంటి మా అత్తమ్మ, కూడికలు అయిన కొద్ది వారాలకే తిట్టడం మానేసింది.

మొదట నేను నమ్మలేదు. అత్త మంచి, వేము తీపు లేవంటారు కదా. కానీ ఆమె నిజంగానే నెమ్మదించింది. చాట ముందు పెట్టుకొని ఊరికే కూర్చునేది. అడిగితే జవాబు చెప్పేది, అడగకపోతే లేదు. దానికి తోడు ముఖం మారింది. ముడతలు పూడిపోయాయి. బుగ్గలు నున్నగా, పసిపిల్ల బుగ్గల్లా అయ్యాయి. నల్లటి ముఖానికి ఒక తెల్లటి మెరుపు వచ్చింది.

ముఖాల కోసమే కాచుకొని కూర్చున్న సంఘం కంట పడకుండా ఉంటుందా? ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ముందు వరసలో కూర్చునే టీచరమ్మ వచ్చి ఆమె గడ్డం పట్టుకుంది. "అవ్వా, నీ మొఖం ఎంత ఎలిగిపోతున్నదే! ఇగో అందరు జూడుండ్రి, మహిమ అంటే ఇది!" అంది. అందరూ చూశారు. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, మంచి మనిషి. కూడికలకు అంత కష్టపడి ఫలితం కోసం ఎదురు చూస్తున్నారు. ఆయన ఆమె చెయ్యి పట్టి ముందుకు తీసుకెళ్లి, "మార్పు నొందిన ముఖమును చూడుడి" అన్నారు. సంఘమంతా "స్తోత్రం" అంది.

అప్పటిదాకా మా అత్తమ్మ చోటు తలుపు దగ్గర, చెప్పుల పక్కన. ఎవరూ అక్కడ కూర్చోమనలేదు. కానీ ఆమె వచ్చి చాప మీద కూర్చుంటే పక్కనున్న ఆడవాళ్లు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని జరిగేవాళ్లు. పొగాకు వాసన. జరిగి జరిగి చివరికి ఆమెనే తలుపు దగ్గరికి జరిపారు. ఇప్పుడు ఆమెకు ముందు వరసలో కుర్చీ వేశారు. ప్రార్థన నూనె సీసాలు తెచ్చి ఆమె చేత్తో తాకించుకున్నారు, జ్వరం వచ్చిన పిల్లల్ని ఆమె ఒళ్లో పడుకోబెట్టారు. పొగాకు వాసన సంగతి మహిమ ముందు ఎవరికీ గుర్తు రాలేదు. ఈస్టర్ నాడు తెల్లవారుజాము ఆరాధనలో ఆమె సాక్ష్యం చెప్పాలని నిర్ణయించారు.

సంఘానికి ఆమె ముఖం తెలుసు. నాకు ఆమె నోరు తెలుసు. దేవుడు మనిషిని మారుస్తాడు, కాదనను. కానీ మా అత్తమ్మను ఇంత పూర్తిగా మార్చాలంటే ఆయనకు కూడా కొన్నేళ్లు పడుతుంది. ఒకరోజు కావాలనే పప్పులో ఉప్పు వేయలేదు. నాలుగు ముద్దలు తిని, ఒక్క మాట అనకుండా చెయ్యి కడుక్కుంది.

ఆ రాత్రే మా ఆయనతో చెప్పాను, "అవ్వకు ఒంట్ల బాగలేదు, దవాఖానకు తీస్కపోదాం" అని.

"బతుకంత తిట్టింది. ఇప్పుడు దేవుడు మంచిగ జేసిండు. తిట్టినా నీకు కష్టమే, తిట్టకున్నా కష్టమేనా? ఊరంత మా అవ్వను మెచ్చుకుంటుంటే నీకు కండ్లమంట" అన్నాడు.

కండ్లమంట నాకు చాలా విషయాల్లో ఉంది. ఈ విషయంలో లేదు. సంఘంలో లేని ఖాలా మాత్రం గోడ మీది నుంచి సూటిగా అడిగింది. "బేటీ, మీ అత్త మొఖం వాసింది గద, డాక్టర్ సాబ్‌కు సూపిచ్చిండ్రా?"

"మహిమ అంటుండ్రు ఖాలా" అన్నాను.

"అచ్ఛా" అంది ఆమె. "మీ మహిమ సంగతి నాకు తెల్వదు బేటీ. మా అమ్మీకి సుత పొద్దుగాల గిట్లనే మొఖం వాసి కండ్లు తెరుసుకోకపోతుండె" అని లోపలికి వెళ్లింది.

ఇంతలో పెద్ద గురువారం వచ్చింది. ఆ సాయంత్రం మాకు పాదాలు కడిగే ఆరాధన ఉంటుంది. ప్రభువు శిష్యుల పాదాలు కడిగినట్టు మేమూ ఒకరి పాదాలు ఒకరం కడగాలి. వేరే సంఘాల్లో ఎవరికి ఎవరు దొరికితే వాళ్లవి కడుగుతారట. మా అయ్యగారు అంతటితో తృప్తిపడరు. ఎవరికి ఎవరితో పడదో ఆయనకు బాగా తెలుసు. ఆ జంటల్నే పిలిచి ఎదురెదురుగా కూర్చోబెడతారు. కాబట్టి కాపురానికి వచ్చిన ఏడాది నుంచి నాకు మా అత్తమ్మ పాదాలే. మా వంతు వస్తే మిగతావాళ్లు తమ బేసిన్లు పక్కన పెట్టి మరీ చూస్తారు. ఆమె ఏటా వంగి నా చెవిలో ఏదో ఒకటి అంటుంది. "మడిమలు తోముతవా, ఊకె నీళ్లు జల్లుతవా?" అని పోయిన ఏడు అన్నది.

ఈసారి ఏమీ అనలేదు. వచ్చేటప్పుడు తలుపు దగ్గర చెప్పులు విప్పడానికే కష్టపడింది. వాటి పట్టీల గుర్తులు పాదాల మీద లోతుగా దిగి ఉన్నాయి. నేను పాదం బేసిన్లో పెట్టి, నీళ్లు పోసి, బొటనవేలితో చీలమండ పైన రుద్దాను. వేలు తీశాక అక్కడ గుంట అలాగే ఉండిపోయింది. ఇంకోచోట నొక్కాను. అక్కడా అంతే. తలెత్తి చూశాను. చుట్టూ అందరూ పాట పాడుతున్నారు. ఆమె వంగి, కళ్లతోనే నన్ను ఆపుతూ, "నోరు మూస్కో. ఈస్టర్ అయినంక సూద్దాం" అంది.

అంటే ఆమెకు తెలుసు.

మరునాడు గుడ్‌ఫ్రైడే. సిలువ మీది ఏడు మాటలకు ఏడు ప్రసంగాలు విని, మధ్యాహ్నం దాటాక ఇంటికొచ్చాం. మా ఆయన ఇంకా చర్చిలో చాపలు సర్దుతున్నాడు. నేను ఆమె ముందు కూర్చుని మొదలుపెట్టాను. ఆయాసం వస్తోందా? వస్తోంది. ఎప్పటి నుంచి? చాలా రోజుల నుంచే. మరి ఎందుకు చెప్పలేదు?

ఆమె గోడకు ఆనుకొని కాళ్లు చాపుకుంది. తర్వాత అంది: "నా పక్కన ఎప్పుడన్న ఎవ్వలన్న కూసున్నరానే? నా పెండ్లయి ఈ సంఘంలకు వచ్చిన కాడికెల్లి సూస్తున్న. నన్ను జూస్తె ముక్కు మూసుకుందురు. ఇప్పుడు టీచరమ్మ నా గదువ వట్టుకుంటది. పిలగాండ్లను నా ఒళ్లె ఏస్తరు. దవాఖానకు వోయి, అమ్మా ఇది మహిమ గాదట, రోగమట అని ఎట్ల జెప్పాలె? ఈ ఒక్క పండుగ కానియ్యి. అయినంక సచ్చినా మంచిదే."

నాకు కోపం వచ్చింది, టీచరమ్మ మీద, అయ్యగారి మీద, ఆమె మీద, దేవుని మీద కూడా కొంచెం. గట్టిగా అరిచేశాను. "సచ్చినా మంచిదేనా? వాళ్లకు నీ మొఖం గావాలె. నాకు నువ్వు గావాలె అత్తమ్మా. నువ్వు తిట్టక ఇంట్ల ఉండబుద్ధి అయితలేదు నాకు. ఉప్పెయ్యని పప్పు పెడితె తిని ఊకున్నవ్. గట్ల ఊకుంటె నేను ఎవ్వలతోని బతకాలె?" అని ఏడ్చేశాను. ఆ మాట నా నోటి నుంచి వస్తుందని నాకూ తెలియదు.

ఆమె నా వైపు వింతగా చూసింది. "నిజామాబాద్ బస్సు పొద్దుగాల ఎన్ని గంటలకే?" అని అడిగింది.

మరునాడు నిజామాబాద్ దవాఖానలో చూపిస్తే, కిడ్నీలు దెబ్బతిన్నాయని, ఒళ్లంతా నీరు చేరిందని డాక్టరు చెప్పాడు. వెంటనే చేర్చుకున్నారు. మా ఆయన మంచం పక్కన నిలబడి తల్లి పాదాలు చూస్తూ ఉండిపోయాడు, నన్ను మాత్రం చూడలేదు. ఈస్టర్ తెల్లవారుజామున సంఘం కొవ్వొత్తులు పట్టుకొని ఎదురు చూసిందట. కోడలి అవిశ్వాసం వల్ల ముసలామె మహిమ పోగొట్టుకుందని టీచరమ్మ అన్నదట. ఆ సాయంత్రం అయ్యగారు చూడటానికి వచ్చారు. మంచం పక్కన నిలబడి ఏం ప్రార్థించాలో తెలియక, నేను విన్నవాటిలో కెల్లా పొట్టి ప్రార్థన చేసి వెళ్లిపోయారు. అది చాలా బాగుంది.

మందులతో నీరు దిగింది. దాంతో పాటు ముఖమూ దిగింది. ముడతలన్నీ తిరిగొచ్చాయి. మునుపటికన్నా రెండు ఎక్కువే వచ్చాయి, నలుపు కూడా పెరిగింది. డాక్టరు ఉప్పు మాన్పించాడు. మొదటిరోజు చప్పిడి కూర నోట్లో పెట్టుకొని, "దీన్ని కూర అంటరానే? ఆవుకు పెట్టినా ముట్టదు" అంది. నేను వంటింట్లోకి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకొని నవ్వాను, తర్వాత ఏడ్చాను.

నడవగలిగాక, ఒక మామూలు ఆదివారం, చర్చికి పోతానంది. ముందు వరసలో కుర్చీ లేదు. అందరూ చూపులు తిప్పుకున్నారు. ఆమె నేరుగా వెళ్లి తలుపు దగ్గర కూర్చుంది. నేనూ పక్కన కూర్చున్నాను. సాక్ష్యాల వేళ అయ్యగారు, "ఎవరైనా ఉన్నారా?" అని మా వైపు చూడకుండా అడిగారు. ఆమె గోడ పట్టుకొని లేచింది. నేను కొంగు పట్టి లాగాను. విదిలించుకుంది.

"అందరికి వందనాలు" అంది. గొంతు సన్నగా ఉంది. "నా మొఖంల మహిమ ఉన్నదని మీరన్నరు. గది మహిమ గాదు, నీళ్లు. కిడ్నీలు ఖరాబైతె ఒంటికి వట్టిన నీళ్లు. నాకు ముందుగాలనే అనుమానమొచ్చింది. అయినా జెప్పలే. మీరందరు నా పక్కన కూసుంటుంటె మంచిగనిపిచ్చింది, గందుకే జెప్పలే. దేవుడు నన్ను మాఫ్ జెయ్యాలె. మీ పిల్లలకు జరమొస్తె నా ఒళ్లె ఎయ్యకుండ్రి, దవాఖానకు తీస్కపోండ్రి." ఊపిరి అందక ఆగింది. టీచరమ్మ వైపు తిరిగింది. "ఇగ నా కోడల్ని ఎవ్వలు ఏమనకుండ్రి. దాన్ని అనేతందుకు నేనున్న."

పొరపాటున మైకు కిందపడినా "స్తోత్రం" అనే మా సంఘం, ఒక్క స్తోత్రం అనలేదు. అయ్యగారు కళ్లు మూసుకొని నిలబడిపోయారు. ఆమె తడుముకుంటూ నా భుజం పట్టుకుంది. చాప మీద కూలబడి, ఆయాసపడుతూ, అందరినీ అలాగే చూస్తూ కూర్చుంది. అంత భయపడుతూ అంత నిజం చెప్పిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. మహిమ అన్న మాట ఎప్పుడు వినబడినా మూతి తిప్పుకునేదాన్ని, ఆ నిమిషాన నాకు దేవుని భయం వేసింది. కన్నీళ్లు ఆగలేదు.

"ఏడుపు నా సావుకు దాసుకో" అంది ఆమె, పక్కకు తిరగకుండానే. "ఎవ్వలు ఏమంటలేరు గదనే. లేసి పాట ఎత్తుకో."

నాకు గొంతు లేదు, శ్రుతి అసలే లేదు. సంఘంలో పెదవులు మాత్రమే కదిపేదాన్ని. లేచి నిలబడి ఎత్తుకున్నాను. రెండో మాటకే స్వరం తప్పింది. కింద నుంచి ఆమె ఆయాసపడుతూనే అందుకుంది. ఇంకెవరూ కలవలేదు. మొదటి చరణం అయ్యేదాకా మా ఇద్దరి గొంతులే వినబడ్డాయి. పుట్టి బుద్ధెరిగాక నేను దేవుని కోసం పాడింది ఆ ఒక్క చరణమే.