ఎర్ర జెండా, పచ్చ జెండా, కోడిగుడ్డు బంతి

మొన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక కాస్త నడుం వాల్చానో లేదో, మా మనవరాలు ఫోను తెచ్చి నా ముక్కుకి ఆనించింది. "నానమ్మా, దేఖో నా! వీళ్ళు ఎలా ఎగురుతున్నారో!" అంది. భిలాయిలోనే పుట్టి పెరిగిన పిల్ల, దాని నోట్లో తెలుగు సగం, హిందీ సగం. కళ్ళజోడు వెతుక్కుని చూశాను. ఆస్ట్రేలియా వాళ్ళ ఫుట్‌బాల్ అట. గుండ్రంగా లేని బంతి, చేతులు లేని బనీన్లు, ఒకడి వీపు మీదుగా ఇంకొకడు ఎగిరి బంతిని గాల్లోనే పట్టేయడం. ఇంతలో స్తంభాల వెనకాల నిలబడ్డ ఒక మనిషి రెండు చేతుల్లో రెండు జెండాలు పట్టుకుని టపటపా ఊపాడు. నేను దిగ్గున లేచి కూర్చున్నాను. "మావయ్యగారు!" అన్నాను పైకే. మనవరాలు నన్ను వింతగా చూసింది. దాని తప్పేముంది? మా మావయ్యగారు పోయాక పుట్టింది అది. ఆయన జెండాలు ఊపిన ఆ ఆదివారం గురించి దానికి ఎవరు చెప్పారు గనక.

అసలు ఆ కథ మా తోడికోడలిది. మా మరిది మా ఆయనకన్నా బాగా చిన్నవాడు. ఆలస్యంగా పెళ్ళయింది, పిల్ల శ్రీకాకుళం వైపు నుంచి వచ్చింది. సన్నగా, పొడుగ్గా, కాళ్ళు ఒకచోట నిలవని మనిషి. అటక మీది డబ్బా దించాలంటే మేమంతా స్టూలు వెతుక్కుంటాం, ఆవిడ ఒక్క గెంతుతో తీసేసేది. ఓ సాయంత్రం ఇద్దరం పవర్ హౌస్ మార్కెట్లో కూరలు కొనుక్కుని క్యాంప్ వన్‌లో మా ఇంటికి నడిచి వస్తున్నాం. దారిలో గ్రౌండులో కొందరు ఆడపిల్లలు ఏదో ఆడుతున్నారు. అక్కణ్ణించి ఓ బంతి గిరగిరా తిరుగుతూ సరిగ్గా నా నెత్తి మీదకి వస్తోంది. నేను "ఓలమ్మో!" అని తల పట్టుకున్నాను. మా తోడికోడలు చేతిలో సంచీ నేలకేసి కొట్టి, చీర కుచ్చిళ్ళతో సహా ఎగిరి, నా తలకి మూరెడెత్తున ఆ బంతిని రెండు చేతులా పట్టేసింది. దిగాక దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేటక్కా, కోడిగుడ్డులాగుంది?" అంది. నేను టమాటాల సంగతి అడుగుతున్నాను. ఒక్కటి మిగల్లేదు. ఆ పూట మా ఇంట్లో అందరికీ చారే గతయింది.

గ్రౌండులో పిల్లలకి ఆట నేర్పుతున్న పీటీ మాస్టారు పరిగెత్తుకుంటూ వచ్చాడు. బంతి కోసం కాదు, మనిషి కోసం. ఆయన ఈ ఆట కలకత్తాలో నేర్చుకుని వచ్చి, కబడ్డీ, హ్యాండ్‌బాల్ ఆడే పిల్లల్ని పోగేసి జట్టు కడుతున్నాడట. "దీదీ, ఏక్ బార్ ఫిర్ పకడియే" అని బతిమాలాడు. ఆవిడ మళ్ళీ పట్టింది. ఇంకోసారి పట్టింది. మర్నాటినుంచి పొద్దున్నే వంట ముగించి, చీర విప్పి మా మరిది పాత ట్రాక్ ప్యాంటు తగిలించుకుని గ్రౌండుకి బయల్దేరడం మొదలుపెట్టింది. నాకు తెలిసినంతలో భిలాయిలో ఆ ఆట ఆడిన మొదటి ఇల్లాలు ఆవిడే. ఆట కూడా అర్థం కానిదేం కాదు. అటు కొసా ఇటు కొసా రెండేసి పొడుగు వెదుళ్ళు, వాటి పక్కన చెరో పొట్టి వెదురు. తన్నిన బంతి పొడుగు వెదుళ్ళ మధ్య నుంచి పోతే గోలు, ఆరు పాయింట్లు. పక్క సందులోంచి పోతే ఒకటి. పొడుగు వెదురుకి కాస్త రాసుకుని పోయినా ఒకటే. తన్నిన బంతిని కింద పడకుండా పట్టుకుంటే మాత్రం, ఎవరూ మీద పడకుండా నిదానంగా తన్నుకోవచ్చు. పట్టడంలో మా తోడికోడలికి సాటి లేదు. వీధిలో వాళ్ళు గుసగుసలాడారు, ఆడకేం చేస్తారు? మా మరిది మాత్రం డ్యూటీకి పోతూ, "నాన్నేమంటే అదే" అని సైకిలెక్కేసేవాడు.

నాన్న, అంటే మా మావయ్యగారు, గూడ్సు బళ్ళ మీద గార్డుగా చేసి రిటైరయ్యారు. మాటన్నారంటే అన్నట్టే. రిటైరైన రోజు రైల్వే వాళ్ళ జెండాలు రైల్వే వాళ్ళకి అప్పగించేసి, మర్నాడే పవర్ హౌస్‌లో టైలరు చేత అచ్చం అలాంటివే ఓ ఎర్రదీ ఓ పచ్చదీ కుట్టించుకున్నారు. ఎందుకండీ అంటే, "సేతులు కాళీగుంటే నిద్దరట్టడం లేదమ్మా" అన్నారు. కోడలు ఆడుతున్నన్నాళ్ళూ ఆయన అవుననలేదు, కాదనలేదు. కలకత్తాలో పెద్ద పోటీలున్నాయి, జట్టుతో వెళ్ళాలని ఆవిడ అడిగినప్పుడు మాత్రం చుట్ట పక్కన పెట్టి ఒక్కమాట చెప్పారు. "ఆదివారం రాయపూర్ వోళ్ళతో ఉందన్నావు కదా. గెలిస్తే ఎల్దువుగాని. ఓడితే బంతి అటక మీద ఎట్టీ. మళ్ళీ దించకు." ఆవిడ "అలాగేనండి" అంది. ఆ వారం రోజులూ ఆవిడకి తిండి సయించలేదు. ఆవిడని చూసి నాకూ సయించలేదు.

ఆదివారం పొద్దున్న పీటీ మాస్టారు మా గుమ్మంలో ప్రత్యక్షం. గోలు దగ్గర జెండాలు ఊపే కుర్రాడికి జ్వరం, జెండాలూ వాడింట్లోనే ఉండిపోయాయి, అంకుల్ దగ్గరున్నవి ఇస్తే ఇంకెవరి చేతనైనా ఊపిస్తానన్నాడు. మా మావయ్యగారు పడక్కుర్చీలోంచి లేచారు. "నా జెండాలు ఇంకోడి సేతికియ్యను. నానే వత్తాను పద" అన్నారు. మా తోడికోడలు మొహం పాలిపోయింది. నేనూ ఇంటికి తాళం వేసి వెనకాలే నడిచాను. దారంతా ఆయన మాస్టార్ని రూల్సు అడుగుతూనే ఉన్నారు. గోలైతే రెండు జెండాలు, ఒక్క పాయింటైతే ఒక్క జెండా అన్నాడు మాస్టారు. ఒక్కటంటే ఏ రంగుదని ఈయన. ఏదైనా ఫరవాలేదని ఆయన. మా మావయ్యగారు రోడ్డు మధ్యలో ఆగిపోయారు. "ఏదైనాయేటి బాబూ? ఎర్రదూపితే బండాగిపోద్ది, పచ్చదూపితే ఎల్లిపోద్ది. ఏదైనా అంటావేటి!" చివరికి ఆయనే తేల్చారు. ఒక పాయింటుకి ఎర్రది, గోలుకి రెండూ.

ఆట మొదలయ్యాక చూడాలి తమాషా. రాయపూర్ పిల్లలు గోలు కొట్టారు, ఈయన రెండూ ఊపారు. వాళ్ళకి ఎర్రదే కనబడింది. "అంకుల్, యే గోల్ హై కి నహీ?" అని చుట్టుముట్టేశారు. ఈయన అటెన్షన్‌లో నిలబడి, జవాబివ్వకుండా రెండు జెండాలూ పట్టుకునే ఉన్నారు. జెండా పట్టుకున్నవాడు మాట్లాడకూడదట! మాస్టారొచ్చి సర్దిచెప్పేసరికి తలప్రాణం తోకకొచ్చింది. నేను గట్టు మీద కూర్చుని నవ్వలేక చచ్చాను. నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఆఖరికొచ్చేసరికి మా వాళ్ళు నాలుగు పాయింట్లు వెనకపడ్డారు. ఒక్క గోలు పడితే గెలుపు, లేదంటే బంతి అటకెక్కుతుంది.

అప్పుడు చూశాను నేను. మావయ్యగారు నిలబడ్డ వైపుకి బంతి ఎత్తుగా వస్తోంది. కింద ముగ్గురు రాయపూర్ పిల్లలు చేతులు చాచి ఉన్నారు. మా తోడికోడలు ఎక్కణ్ణించి వచ్చిందో తెలీదు, ముందున్న పిల్ల భుజం మీద మోకాలు ఆనించి లేచింది. ఎంతెత్తుకి లేచిందంటే, నేను మొహం ఎత్తి చూడాల్సి వచ్చింది. రోజూ నా పక్కన కూర్చుని చింతపండు పిసికే చేతులవి. ఆ చేతులు అందరి తలల మీదుగా వెళ్ళి బంతిని పట్టుకుని, గుండెకి అదుముకుని కిందకొచ్చాయి. నాకు ఒళ్ళంతా గగుర్పొడిచింది. ఏడుపొచ్చింది కూడా. టైమైపోయిందని విజిలూ పడింది, కానీ పట్టుకున్నాక పడింది కాబట్టి తన్నే హక్కు ఆవిడదే. ఆవిడ వెనక్కి నడిచి, ఊపిరి పీల్చుకుని తన్నింది. బంతి పొడుగు వెదుళ్ళ మధ్య నుంచే పోయింది. నా రెండు కళ్ళతో నేను చూశాను. మా వాళ్ళు కేకలేస్తూ పరిగెత్తారు.

మావయ్యగారు కదల్లేదు. తరవాత కుడి చెయ్యి మాత్రం పైకెత్తారు. ఎర్ర జెండా.

మాస్టారు పరిగెత్తుకెళ్ళి, "అంకుల్, ఠీక్ సే దేఖా?" అన్నాడు. "దేఖా. బాంబూ కో లగా" అన్నారాయన. వెదురుకి తగిలిందట. రాయపూర్ వాళ్ళు కూడా అప్పటికే ఓడిపోయామనుకుని కూలబడ్డారు. ఆయన రెండో చెయ్యి ఎత్తి ఉంటే అడిగేవాడు లేడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏం మనిషి ఈయన, సొంత కోడలు కదా! నాలుగు మాటలు అందామనే లేచాను. ఈలోగా ఆవిడే ఆయన దగ్గరికొచ్చి నిలబడింది. చెమటలు కారిపోతున్నాయి. "నానూ సూసేనండి మావయ్యా. వెదురు కదిలింది" అంది. ఆయన తలూపి జెండాలు చుట్టుకున్నారు. నేను కూర్చుండిపోయాను.

ఇంటికొచ్చాక ఎవరూ చెప్పకుండానే ఆవిడ బంతిని అటక మీద పెట్టేసింది. ఎప్పటిలా ఒక్క గెంతు. తరవాత పప్పులో తాలింపు పెట్టింది. మావయ్యగారు అన్నం ముట్టలేదు. మర్నాడూ సరిగ్గా తినలేదు. ఆ మర్నాడు పొద్దున్న నేను వంటింట్లో ఉంటే దబ్బుమని చప్పుడైంది. చూద్దును కదా, ఆ వయసులో స్టూలెక్కి బంతి దించుతున్నారు. అది చేయి జారి నా బియ్యం డబ్బా మీద పడింది. "దిగండి ముందు, నడుం విరుగుద్ది!" అని కేకేశాను. కోడలు పరిగెత్తుకొచ్చి, "వొద్దు మావయ్యా, మాటనుకున్నాం కదా. ఓడిపోనాం" అంది. ఆయన స్టూలు మీదే నిలబడి అన్నారు. "ఎర్రది నానే సూపించేను. ఎర్రది సూపిత్తే బండి ఆగుతాదమ్మా. రద్దయిపోదు. ఆ మాటన్నప్పుడు నాకీ సంగతే గుర్తు లేదు, గార్డుగా సేసి!" బంతి ఆవిడ చేతుల్లో పెట్టారు. ఆవిడ గోడకి ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆటలో రాని ఏడుపంతా అప్పుడొచ్చింది.

కలకత్తా బండికి పవర్ హౌస్ స్టేషన్‌కి ఆయనా నేనూ వెళ్ళాం. చంకలో చుట్టిపెట్టిన పచ్చ జెండా. ఊపుతారనుకున్నాను. బండి కదిలింది, ఆవిడ తలుపు దగ్గర నిలబడి చెయ్యి ఊపింది. ఈయన జెండా విప్పలేదు. "డ్యూటీలో లేనోడు జెండా ఇప్పకూడదు. డ్రైవరు సూత్తే ఏటవుద్ది?" అన్నారు. చివరి పెట్టె ప్లాట్‌ఫారం దాటిపోయాక, ఇక దానివల్ల ఏ బండికీ ఏమీ కాదని తేల్చుకున్నాక, కొసకి నడిచి వెళ్ళి జెండా విప్పి నిలువునా పట్టుకున్నారు. ఎవరు చూస్తారని? బండి ఎప్పుడో ముందుకెళ్ళిపోయింది. చాలాసేపు అలాగే ఉన్నారు.

ఆ తరవాత ఆవిడ కొన్నేళ్ళు ఆడింది. కలకత్తా, ముంబయి తిరిగింది. మోకాలు దెబ్బతిన్నాక మానేసి, ఇప్పుడు కుమ్హారిలో ఓ బళ్ళో ఆటల టీచరు. మొన్న మనవరాలి ఫోను లాక్కుని ఆవిడకే చేశాను. జెండాలూ, టమాటాలూ అన్నీ తలుచుకుని నవ్వుకున్నాక, ఇన్నాళ్ళూ దాచుకున్న ఆ స్టేషన్ సంగతి చెప్పాను, పాపం నీకు కనబడేలా విప్పలేదు ముసలాయన, బండి దాటిపోయాకే విప్పారు అని. "కనబడింది అక్కా. అక్కడ లైను కొంచెం వొంపు తిరుగుతాది. నాను తలుపు దగ్గరే ఉన్నాను" అంది.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది, ఆవిడ జుట్టూ నెరిసింది, నాకైతే ప్లాట్‌ఫారం మెట్లెక్కడమే గగనం. అయినా కాలం ఎంత దూరం లాక్కుపోయినా, ఆ వొంపు దగ్గర తల తిప్పి చూస్తే ఆయన ఇంకా అక్కడే, పచ్చ జెండా పట్టుకుని నిలబడే ఉన్నారు.