మూడో బ్లేడు

ఆసుపత్రి కింది అంతస్తులో, మందునీళ్ళ ఘాటుకు కళ్ళు మండే ల్యాబులో ఆవిడకు ఇరవై ఆరేళ్ళు గడిచాయి. రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కలను మైనంలో బిగించి, ఉల్లిపొర సిగ్గుపడేంత పలచగా కోసి, గాజుపలకల మీదికి ఎక్కించడం ఆవిడ పని. రోగం పేరు రాసేది డాక్టరు. ఆ పేరు ఆవిడ చేతికి అంతకుముందే తెలిసిపోయేది. జీతానికి మించిన తెలివి ఎందుకని నోరు మెదిపేది కాదు.

ఊపిరితిత్తులంటే మరీ కొట్టిన పిండి. న్యుమోనియా ముదిరినది కాలేయంలా గట్టిపడి వస్తుంది. టీబీది నడుమ జున్నులా మెత్తబడి రాలుతుంది. సిగరెట్లు తాగినవాళ్ళది నల్లమచ్చలతో, చిరిగిన వలలా ఉంటుంది. రాతి దుమ్ము పీల్చినవాళ్ళది మాత్రం కంటికంటే ముందు చెవికి తెలుస్తుంది. లోపల గట్టి గింజలుంటాయి. వాటి మీద బ్లేడు కరకరమంటుంది, అంచు దెబ్బతింటుంది, పొర నిలువునా చీలుతుంది. కొత్తగా చేరిన పిల్లలు బ్లేడు బాగాలేదని గొణిగితే, ఆడలేక మద్దెల ఓడన్నట్టు దాన్నెందుకు తిడతారు, ముక్క ఏం చెబుతోందో వినండి అని కసిరేది. ఆ కసురుకు జంకనివాడు లోకంలో ఒక్కడే, ఆవిడ మొగుడు.

ఆయన ఇరవై ఏళ్ళుగా రాళ్ళ షెడ్డులో పలకలు కోసి నునుపు పెడుతున్నాడు. రోజూ భోజనాల దగ్గర ఆవిడది బ్లేడ్ల గోల, ఆయనది రంపాల గోల. ఫలానా రాయి రంపం పళ్ళు తినేసిందని ఆయన, ఫలానా ముక్క బ్లేడు అంచు తినేసిందని ఆవిడ. ఆ పని మానెయ్యమని పదేళ్ళు నెత్తీ నోరూ కొట్టుకుంది. కనీసం ముక్కుకు గుడ్డ కట్టుకోమంది. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, మానేస్తే నా రంపాల కథలుండవు, ఇక నీ బ్లేడ్ల కథలే వినాలి అని నవ్వేవాడు.

ఆ నవ్వుకు దగ్గు తోడైంది. తర్వాత నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఎక్స్‌రేలో మచ్చలు కనిపించాయి గానీ టీబీయో దుమ్మో తేలలేదు. కఫంలో ఏమీ దొరకలేదు. చివరికి పక్కటెముకల సందులోంచి గోరంత ముక్క తీశారు. లోకమంతా టీబీ రాకూడదని మొక్కుకుంటే, వీళ్ళింట్లో టీబీయే కావాలని మొక్కుకున్నారు. దానికి మందుంది. ఆరునెలలు మింగితే పోతుంది. దుమ్ముకు మందు లేదు.

ముక్క నంబరుతో కిందికి వచ్చింది. వేరేవాళ్ళకి ఇవ్వమ్మా అన్నాడు డాక్టరు. ఆవిడకు మనసొప్పలేదు. మైనం దిమ్మను కోత యంత్రానికి బిగించి పిడి తిప్పింది. కరకరమంది. బ్లేడు పాతదై ఉంటుందని మార్చింది. మళ్ళీ కరకర. ఈ డబ్బా అంతా నాసిరకం, కొన్నవాళ్ళననాలి అని గొణుక్కుంటూ కొత్త డబ్బా విప్పి మూడోది బిగించింది. దాని అంచూ దెబ్బతింది. వెనక పిల్లలు పని ఆపి చూస్తున్నారు. ఆవిడను కసరడానికి అక్కడెవరూ లేరు.

దిమ్మను చన్నీళ్ళలో నానబెట్టి, బాగున్నచోట నాలుగు పొరలు తీసి, నంబరు రాసి డాక్టరు బల్ల మీద పెట్టింది. ఏడుపు రాలేదు. అంచు దెబ్బతిన్న మూడు బ్లేడ్లూ ఏరి పాత బ్లేడ్ల డబ్బాలో వేసింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర బ్లేడ్ల ఊసు లేదు. ఆయనే కదిపాడు.

"రిపోర్టు వచ్చిందా?"

"డాక్టరు గారు రేపు చూస్తారట."

"కోసింది నువ్వేగా. ఎన్ని బ్లేడ్లు మార్చావు?"

అబద్ధం చెబుదామనే నోరు తెరిచింది. కానీ ఇన్నేళ్ళూ ఆ చదువు ఆయనకు చెప్పింది తనే.

"మూడు" అంది.

ఆయన తలూపాడు. దగ్గుతెర తగ్గేదాకా కంచం అంచు పట్టుకుని కూర్చున్నాడు. "అయితే రేపట్నుంచి షెడ్డుకి వెళ్ళనులే. ఇక నీ బ్లేడ్ల కథలే చెప్పు" అన్నాడు.

పదేళ్ళుగా ఆ మాట కోసమే పోరింది. ఇప్పుడు మాత్రం, మీకేం లేదు, పనికి వెళ్ళిరండి అని ఒక్కసారి అనగలిగితే చాలుననిపించింది.